దవడకట్టు విప్పిన రోజు

మొన్న ఈస్టరు ఆరాధన అయ్యాక మా సంఘంలో నర్సింగ్ చదువుతున్న ఆడపిల్లలు నా చుట్టూ చేరారు. "ఆంటీ, మీరు డ్యూటీల ఉన్నప్పుడు సచ్చిపోయినాయన లేచిండట గదా? మీ కండ్లతోని చూసిండ్రా?" అని ఒకమ్మాయి అడిగింది. చూశానన్నాను. "స్తోత్రం!" అని అందరూ చప్పట్లు కొట్టారు. అంతలో అవతల బిర్యానీ ప్యాకెట్లు పంచుతున్నారని వినబడి అటు పరుగెత్తారు. మిగతా కథ నా నోట్లోనే ఉండిపోయింది.

ఎప్పుడూ ఇంతే. ఆయన లేచాడు అన్నంతవరకే అందరికీ కావాలి. లేచాక ఏమైందని ఎవరూ అడగరు. నన్ను ఇప్పటికీ ఉలిక్కిపడేలా చేసేది ఆ తర్వాత జరిగిందే. అందుకే ఈ పిల్లల కోసం రాసిపెడుతున్నాను. వరంగల్‌లో ఒక దవాఖానలో నర్సుగా చేరి, హెడ్ నర్సుగా దిగిపోయాను. దవాఖాన పేరు గానీ, మనుషుల పేర్లు గానీ రాయను. వాళ్లలో కొందరు పోయారు. ఒకరిద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు.

మా శిక్షణలో ఆఖరి సేవ అని ఒక చిన్న పాఠం ఉండేది. ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాక నర్సు చేయవలసిన పని అది. కళ్లు మూయాలి. నోరు తెరుచుకుపోకుండా గడ్డం కింది నుంచి నడినెత్తి మీదికి పట్టీ కట్టాలి. ముక్కుల్లో దూది పెట్టాలి. కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి కట్టి తెల్లదుప్పటి కప్పాలి. మొదట్లో జంకుతాం, తర్వాత అలవాటవుతుంది. అలవాటయ్యాక ఇక దాన్ని గురించి ఎవరం మాట్లాడుకోము.

మా వార్డులో ఆ పనికి పెట్టింది పేరు మా ఆయమ్మ. ధర్మసాగర్ నుంచి పొద్దుటి బస్సుకు వచ్చేది. మనిషి సన్నం, నోరు పెద్దది, చేతులు ఇనుము. వరినాట్ల కాలంలో సెలవు పెట్టి పొలంలో పనిచేసి వచ్చిన చేతులవి. ఆమె దవడకట్టు కట్టిందంటే నడినెత్తి మీద ముడి గోలీకాయలా బిగుసుకుని కూర్చునేది. "జర సదలిచ్చినమనుకో, తొవ్వల నోరు తెరుచుకుంటది, సుట్టాలు జడుసుకుంటరు. ఇదేమన్న మల్ల విప్పేటిదా సిస్టరమ్మా?" అనేది. కొత్తగా చేరిన నర్సులందరికీ ఆమె కట్టినట్టే కట్టండని నేనే చెప్పేదాన్ని.

ఆ రోజు ఎండాకాలపు ఉదయం. జంపఖానాలు నేసే ఒకాయన్ని ఆటోలో తెచ్చారు. మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు ఒరిగిపోయాడట. వెంట ఆయన భార్య, ఆయన అన్న. భార్య చీర కుచ్చిళ్ల నిండా నూలుపోగులు అంటుకుని ఉన్నాయి. కండెలు చుడుతూ చుడుతూ లేచి వచ్చేసింది పాపం.

మంచం మీద వేసేసరికే నాడి లేదు. మా డాక్టరు చిన్నవాడు, చదువు అయిపోయి వచ్చిన కొత్త. వెంటనే గొట్టం వేసి, గుండె అదమడం మొదలుపెట్టాడు. నేను గాలి బ్యాగు నొక్కుతున్నాను. తర్వాత చేతులు మార్చుకున్నాం. సూదులు ఇచ్చాం. మానిటరు మీద గీత మాత్రం గీతగానే ఉంది. చాలాసేపు చూశాక డాక్టరు చేతులు తీసేశాడు. చెమటలో తడిసిపోయి, బయటికి పోయి అన్నతో చెప్పి వచ్చాడు. మేం గొట్టం తీసేశాం. మా వార్డులో అప్పుడు పనిచేసే మానిటరు ఒక్కటే. పక్క మంచం మీద ఒకావిడ ఆయాసంతో కొట్టుకుంటోంది, దాన్ని అటు తిప్పేశాం.

అన్న వరండాలో ఫోన్ల మీద ఉన్నాడు. ఒకరికి కట్టెలు చెప్పాడు, ఒకరికి డప్పులవాళ్ల సంగతి చెప్పాడు, మరొకరికి తమ్ముడి ఫొటో పంపి ఫ్లెక్సీ కొట్టించమన్నాడు. మన దగ్గర ఇప్పుడు చుట్టాలకు కబురు అందేలోపే గల్లీ మొదట్లో ఫ్లెక్సీ లేచి నిలబడుతుంది గదా.

ఆయమ్మ తన పని చేసింది. దవడకట్టు కట్టింది, ముక్కుల్లో దూది పెట్టింది, బొటనవేళ్లు కలిపింది, దుప్పటి కప్పింది. నేను అలవాటు ప్రకారం దుప్పటి మీద చేయి ఉంచి మనసులో చిన్న ప్రార్థన చేసుకుని మందుల ట్రాలీ దగ్గరికి పోయాను. భార్య ఏడవలేదు. మంచం చివర నిలబడి దుప్పటి కిందికి చేతులు పోనిచ్చి ఆయన పాదాలు పట్టుకుంది.

"సిస్టరమ్మా, కాళ్లు ఎచ్చగున్నయి."

"కొద్దిసేపు అట్లనే ఉంటయమ్మా" అన్నాను. అందరూ అదే మాట అంటారు, మేమూ అందరికీ అదే జవాబు చెబుతాం.

"బొటనేలు గుంజిండు."

"దారం బిగిసింది బిడ్డా, గంతే. మనసు గట్టి చేస్కో" అంది ఆయమ్మ.

"దారం నాకు తెల్వదా? నా మొగడు మగ్గం తొక్కే కాలు నాకు తెల్వదా? గుంజిండంటాన్న!"

ఆమె కేకకు వార్డంతా ఇటు తిరిగింది. ఆమెను ఊరడిద్దామని, అంతకంటే మరేమీ అనుకోకుండా, దగ్గరికి పోయి ముఖం మీది దుప్పటి తీశాను.

ముక్కులో దూది లోపలికి పోతోంది.

దూది లోపలికి పోవడం ఏమిటో నా బుర్రకు ఎక్కడానికి ఒక క్షణం పట్టింది. ఆయన గాలి పీల్చడానికి చూస్తున్నాడు. ముక్కు మూసి ఉంది, నోరు కట్టి ఉంది. గొంతు కింద గుంట పడుతోంది, లేస్తోంది. మేం కట్టిన కట్టులోనే ఒక మనిషి బతకడానికి పెనుగులాడుతున్నాడు.

చిన్నప్పటి నుంచి బైబిలు వాక్యం మధ్య పెరిగినదాన్ని. ఆ నిమిషంలో నా నోట యేసయ్యా అన్న మాట కూడా రాలేదు. "కత్తెర!" అని అరిచాను. దూది లాగేశాను. కట్టు మీద పడ్డాను. ఆయమ్మ ముడి గదా, గోళ్లు విరిగాయి గానీ అది కదల్లేదు. కత్తెర డ్రెస్సింగ్ ట్రేతో పాటు పక్క వార్డుకు పోయింది. ఆయమ్మ గోడకు అంటుకుపోయి "నా ముడే, నా ముడే" అంటోంది తప్ప అడుగు వేయడం లేదు. అప్పుడు ఆ భార్య నన్ను పక్కకు నెట్టింది. భర్త తల మీదికి వంగి, ఆ ముడిని పళ్లతో పట్టుకుని ఒక్క పెట్టున కొరికేసింది. రోజూ నూలు కొరికే పళ్లు అవి.

నోరు తెరుచుకుంది. లోపలికి పోయిన గాలి చేసిన చప్పుడు నేను చచ్చేదాకా మరచిపోలేను.

డాక్టరు పరుగెత్తుకొచ్చాడు, మానిటరు మళ్లీ ఇటు తిరిగింది, గీత ఎగిరెగిరి పడుతోంది. ఆయన్ని ఐసీయూకు తోలాక డాక్టరు వార్డులో గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. "గీత కదల్లేదు సిస్టర్. నేను చూశాను. మీరు కూడా చూశారు గదా?" అని ఒకటే మాట. చూశాను నాయనా, నేనూ చూశాను.

పెద్ద డాక్టరు సాయంత్రం మమ్మల్ని కూర్చోబెట్టి వివరించారు. బ్యాగు గబగబా నొక్కినప్పుడు కొందరికి ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకుపోతుందట. ఆ ఒత్తిడికి రక్తం గుండెకు తిరిగి రాదట. మనం ఆపేశాక గాలి మెల్లగా బయటికి పోయి, అరుదుగా ఎవరికో గుండె దానంతటదే మళ్లీ మొదలవుతుందట. అందుకే ఆపిన వెంటనే మానిటరు తీయకూడదు, కొంతసేపు కనిపెట్టి ఉండాలి. పిల్లలూ, ఈ వాక్యాన్ని మాత్రం గట్టిగా పట్టుకోండి. మిగతాది మరచినా ఫరవాలేదు.

డాక్టరు చెప్పినది విని నా విశ్వాసం తగ్గలేదు. గాలి ఎటు పోవాలో చెప్పేవాడు ఎవరో నాకు తెలుసు. స్టోర్ రూములోకి పోయి మోకాళ్ల మీద పడ్డాను. లేచి మా అయ్యగారికి ఫోను చేశాను. మా సంఘ కాపరిని మేం అయ్యగారు అంటాం. "అయ్యగారూ, లాజరు!" అన్నానట. బైబిల్లో ప్రభువు సమాధిలోంచి లేపిన మనిషి లాజరు. ఆ రాత్రికల్లా సంఘంలో సగం మంది ఐసీయూ బయట వరండాలో ఉన్నారు.

మూడో రోజుకు ఆయన మాట్లాడాడు. మొదటి మాట భార్యతో: "పడుగు తెగిందా?" మగ్గం మీద ఒరిగినప్పుడు పడుగు పోగులు ఏమయ్యాయోనని ఆయన దిగులు. "తెగలే, తియ్. నువ్వే తెగినవ్" అందామె. అప్పుడు ఏడ్చింది.

ఆయన్ని మామూలు వార్డుకు మార్చాక మావాళ్లు మంచం చుట్టూ చేరారు.

"అన్నా, ఏం చూసినవ్? వెలుగు కనవడ్డదా?"

"ఏం సూడలే. నిద్రవోయినట్టయింది."

"జర యాది చేస్కో అన్నా. తెల్లబట్టలేస్కున్నాయన ఎవరన్న..."

"తెల్లబట్టలంటె గీ సిస్టరమ్మనే."

ఆయన నవ్వించాలని అనలేదు, ఉన్న మాట అన్నాడు. కానీ ఆదివారం నాటికి హన్మకొండ అంతా ఆయన పరలోకంలో బంగారు వీధి చూసి వచ్చాడని పాకిపోయింది. వినగానే నేను నివ్వెరపోయాను. ఆ మాట నాకు చెప్పినావిడ నేను డ్యూటీలో ఉండగా ఆ మంచం పక్కనే నిలబడి, ఆయన జవాబు తన చెవులతో విన్న మనిషి!

రెండో దెబ్బ ఆయన ఇంటి వైపు నుంచి తగిలింది. అన్న రోజూ వచ్చేవాడు గానీ తలుపు దగ్గరే నిలబడేవాడు, తమ్ముణ్ని ముట్టేవాడు కాదు. నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"అమ్మా, నాకేం పగా? నా తోడవుట్టినోడు. కని ఇంట్ల పొయ్యి ఆర్పినం. కుండ తెచ్చినం. టెంటేసినం. బతికిండన్న కబురు పొయ్యేలోపట్నే సుట్టాలొచ్చి ఏడ్సిపోయిండ్రు. సావు ఇంట్లకొచ్చి ఉత్తచేతులతోని పోదంటాండ్రు మా గల్లీల. ఆడు గడప దాటితె ఇంకొగలు పోతరంట. నా పిల్లలు చిన్నోళ్లమ్మా."

"మీ తమ్ముడు బతికే ఉన్నడయ్యా."

"ఔ. అదే భయమైతాంది."

చనిపోయినవాడి కోసం ఇంతమంది ఏడ్చారు. బతికినవాడిని రమ్మనేవాళ్లు లేరు. భార్య మాత్రం రోజూ అడిగేది, "ఇంటికెప్పుడు పంపుతరు సిస్టరమ్మా?" అని. ఏ ఇంటికో ఆమెకూ తెలియదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్న ఆడబిడ్డను అడిగితే, ఆమె ఫోను ఎత్తడం మానేసిందట.

డిశ్చార్జి రోజు దవాఖాన గేటు ముందు ఒక వ్యాను ఆగి ఉంది. దానికి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బ్యానరు. చచ్చి బ్రతికిన సోదరుని సజీవ సాక్ష్యం అని పెద్ద అక్షరాలు, పక్కన ఆయన ఐసీయూలో పడుకున్న ఫొటో. హసన్‌పర్తి దగ్గర మైదానంలో మూడు రోజుల సభలు. ఆయన్ని అక్కడే ఒక విశ్వాసి ఇంట్లో ఉంచుతారు, ఏ లోటూ ఉండదు. అయ్యగారు నా చేతికి ఒక కొత్త తెల్లచొక్కా ఇచ్చి తొడిగించమన్నారు. దాన్ని పట్టుకుని నేను మంచం దగ్గరికి పోయాను.

అక్కడ అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"మీరే తీస్కపోండ్రి సార్. మీ దగ్గర్నైతె మంచిగుంటడు" అంటున్నాడు అన్న. అతని ముఖంలో బరువు దిగిన తేలిక.

"ప్రభువు ఏర్పరచుకున్న పాత్రండీ ఈయన. ఈయన ద్వారా వేలమంది..." అంటున్నారు అయ్యగారు.

"నాకియ్యుండ్రి. నా మొగన్ని నాకియ్యుండ్రి సారూ" అంటోంది భార్య.

మా సంఘపు యువకుడొకడు ఫోనులో వీడియో తీస్తున్నాడు. మంచం మీద ఆ మనిషి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నాకు ఆకలైతాంది" అన్నాడు.

ఎవరూ వినలేదు. కాగితాల హడావుడిలో ఆయనకు పొద్దుటి జావ కూడా ఎవరూ ఇవ్వలేదు.

"సిస్టరమ్మా, ఆకలైతాంది."

చొక్కా నా చేతిలో ఉంది. అప్పుడు తగిలింది నాకు అసలు దెబ్బ. దుప్పటి తీసినప్పటి కంటే ఇది పెద్దది.

సమాజమందిరపు అధికారి యాయీరు కూతురి కథ నేను సండే స్కూలులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ప్రభువు చనిపోయిన ఆ చిన్నదాని చేయి పట్టి లేపుతాడు. చుట్టూ ఉన్నవాళ్లు విస్మయంతో కొయ్యబారిపోతారు. పిల్లలకు నేను అక్కడ ఆపి పాట పాడించేదాన్ని. కథ అక్కడ ఆగదు. ఆ తర్వాత ఆయన రెండు మాటలు చెబుతాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దంటాడు, పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమంటాడు. అంతే. అందరూ అద్భుతాన్ని చూస్తుంటే ఆయన ఒక్కడే పిల్ల ఆకలిని చూశాడు.

నాయీను ఊళ్లో పాడె మీది కుర్రవాణ్ని లేపాక ఏం చేశాడు? తల్లికి అప్పగించాడు. పాత నిబంధన ప్రవక్తలు కూడా లేచిన బిడ్డను తల్లి చేతిలోనే పెట్టారు. లాజరు సమాధిలోంచి కాళ్లూ చేతులూ కట్టి, ముఖానికి రుమాలు చుట్టి ఉండగానే నడిచి వచ్చాడు. ప్రభువు చుట్టూ ఉన్నవాళ్లతో ఏమన్నాడు? కట్లు విప్పమన్నాడు, వెళ్లనివ్వమన్నాడు. ప్రాణం ఇవ్వడం ఒక్కటే తన పనిగా ఉంచుకున్నాడు. ముడి విప్పడం, అన్నం పెట్టడం, ఇంటికి చేర్చడం మనకు వదిలాడు. అంత తేలిక పనులు. ఆ తేలిక పనుల దగ్గరే మేమంతా చేతులు కట్టుకుని, కాదు, మైకులు పట్టుకుని నిలబడి ఉన్నాం.

"అయ్యగారూ, ఒక్క మాట. లాజరు లేచినంక ఏం జెప్పిండు?" అన్నాను.

"ఏం చెప్పాడమ్మా?"

"నేను మిమ్ముల అడుగుతాన్న. సమాధిల నాలుగు రోజులున్నడు గదా. ఏం చూసిండో, ఏం జెప్పిండో యాడ రాసున్నది?"

బైబిలు అయ్యగారికి అరచేతి గీతల్లా తెలుసు. "రాసి లేదమ్మా" అన్నారు చివరికి.

"యాయీరు బిడ్డ ఏం జెప్పింది?"

"అదీ లేదు."

"లేచినోళ్లతోని ఒక్కనితోని సుత సాక్ష్యం చెప్పియ్యలే ప్రభువు. మనం చెప్పిస్తాన్నం. ఈయనేమో ఏం సూడలే అంటాండు. రేపు మైకు కాడ గూడ గదే అంటె జనం ఊకుంటరా? చూసినట్టు చెప్పమంటరు. గప్పుడు మనం ఈయన్ని మల్ల గట్టినట్టే గదా?"

వీడియో తీస్తున్న యువకుడు "ఆంటీ, మీకు విశ్వాసం లేదా?" అన్నాడు. సంఘపు పెద్ద ఒకాయన, "కరపత్రాలు పంచినంక గిట్లంటె ఎట్లమ్మా?" అని గట్టిగా అందుకున్నాడు. అయ్యగారు మంచి మనిషి. కానీ వేసిన టెంటు, పిలిచిన జనం ఆయన కళ్ల ముందు ఆడుతున్నట్టున్నాయి.

"వచ్చినవాళ్లకు నేనేం చెప్పాలమ్మా?"

"ప్రభువు సమాధి ఖాళీగున్నదని చెప్పుండ్రి. గది సాలదా అయ్యగారూ?"

ఎంత తెగింపు వచ్చిందో నాకు ఆ రోజు! అయ్యగారు ఆ మంచం మీది మనిషి దగ్గరికి పోయి, మొదటిసారి ఆయన కళ్లలోకి చూసి అడిగారు.

"అన్నా, ఎక్కడికి పోతవు?"

"ఇంటికి."

"వ్యానుకు ఆ బ్యానరు విప్పేయమను. ఈయన్ని ఇంటికాడ దించి వద్దాం" అన్నారు ఆయన యువకుడితో. సంఘపు పెద్ద అక్కడి నుంచే వెళ్లిపోయాడు. నాతో మాట్లాడనివాళ్లలో ఆయన ఒకడు.

తోడబుట్టిన అన్న ముఖం పాలిపోయింది. వద్దని గట్టిగా అనలేడు, రమ్మనలేడు. వ్యానులో డ్రైవరు పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. వెనక మేం. ఆయమ్మ కూడా ఎక్కింది. "నేను గట్టిన ముడి. ఇంటిదాక నేను తోలియ్యాలె" అంది.

గల్లీ మొదట్లో ఫ్లెక్సీ ఇంకా అలాగే ఉంది. దండ వేసిన ఫొటో, కింద అశ్రునివాళి. వ్యాను దిగిన మనిషి దాని ముందు ఆగి తేరిపార చూశాడు.

"గిది మన పెండ్లి ఫొటో గదనే! నీ బొమ్మ కోసేసిండ్రు."

"ఆ, నన్ను బతకనిచ్చిండ్రు" అంది భార్య.

ఎవరూ నవ్వలేదు. మేం లోపలికి నడుస్తుంటే మగ్గాల చప్పుడు ఒక్కొక్క ఇంట్లో ఆగిపోతూ వచ్చింది. పిల్లలను లోపలికి గుంజుకున్నారు. ఇంటి ముందు ఆయన వదిన నిలబడి ఉంది గానీ అడుగు ముందుకు పడలేదు. గడప మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది, ఆయన తల్లి. కళ్లు సరిగా కనబడవు. ఆమెను దవాఖానకు ఎవరూ తీసుకురాలేదు. కొడుకు పోయాడని ఒక రోజు చెప్పారు, పోలేదని అదే రోజు చెప్పారు. ఆమె రెండూ వింది, దేన్నీ నమ్మలేదు.

"ఎవలు?" అంది.

"నేనే అవ్వా."

అన్న చేయి చాపి తల్లిని లోపలికి లాగబోయాడు. ఆమె ఆ చేయి విదిలించి కొట్టింది.

"అన్నం తిన్నవా బిడ్డా?"

"తినలే అవ్వా."

"పొద్దు ఎక్కడికొచ్చె! ఇంకా తినకపోవుడేంది? ఏ పిల్లా, ఓ పెద్దకోడలా, బువ్వ దే!"

వదిన కదల్లేదు. భార్య లోపలికి పోయింది. పొయ్యి వెలిగిన చప్పుడు వినిపించింది. మేమంతా ఎండలో నిలబడే ఉన్నాం. అన్నం, పెసరపప్పు కంచంలో వచ్చాయి. తల్లి తడుముతూ కలిపి, ముద్ద చేసి, చేయి గాలిలోకి చాపింది. నోరు ఎక్కడుందో ఆమెకు కనబడలేదు. ఆయన గడప ముందు కూర్చుని ఆ చేతి కిందికి నోరు తెచ్చి పెట్టుకున్నాడు. నమిలాడు.

"ఉప్పు లేదేందే?" అన్నాడు.

"డాక్టరు సార్ వద్దన్నడు" అంది భార్య లోపలి నుంచి.

"గిట్లెట్ల తింటరే!"

ఎదురింటి అరుగు మీద ఒకావిడ గట్టిగానే అనేసింది. "తింటాండే! దెయ్యమైతె తింటదా?"

"ఉప్పు లేదని గునుస్తాండు సూడు. ఆడే ఆడు. పెండ్లినాడు గూడ గిట్లనే గునిసిండు" అంది ఇంకొకావిడ.

అప్పుడు గల్లీ నవ్వింది. ఆ నవ్వులో అన్న ఒక్కసారి కూలిపోయి, తమ్ముడి భుజాలు రెండు చేతులతో పట్టుకుని పెద్దగా ఏడ్చాడు. "నీ పేరు మీద కట్టెలు చెప్పిన్రా! నేనే చెప్పిన్రా!" అని. తమ్ముడు నోట్లో ముద్ద పెట్టుకునే, "చెప్పినవ్ తియ్, వానకాలం పొయ్యిల వెడదాం" అన్నాడు.

అయ్యగారు నా పక్కన నిలబడి ఉన్నారు. ఆయన కళ్లు నిండాయి. "అమ్మా, చేప" అన్నారు.

నాకు అర్థమైంది. తిరిగి లేచిన ప్రభువు తనవాళ్ల మధ్యకు వచ్చినప్పుడు వాళ్లు భూతమనుకుని దడుచుకున్నారు. ఆయన చేతులూ కాళ్లూ చూపించాడు. అయినా వాళ్లకు నమ్మకం కుదరలేదు. అప్పుడు తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు. కాల్చిన చేప ముక్క ఇస్తే వాళ్ల ముందే తిన్నాడు. మరణాన్ని గెలిచినవాడు ఒక చేప ముక్క తిని తనవాళ్ల భయం తీర్చాడు. నలభై ఏళ్లు చదివిన భాగం. ఒక గడప ముందు ఉప్పు లేని పప్పన్నం దగ్గర నాకు మొదటిసారి తెలిసింది.

సభలు జరిగాయి. అయ్యగారు చివరి రోజు ఖాళీ సమాధి మీద మాట్లాడారు. జనం అనుకున్నదాంట్లో సగం కూడా రాలేదు.

పిల్లలూ, మీరు నన్ను అడిగింది దీని గురించే గదా. నేను పునరుత్థానం చూడలేదమ్మా. ఒక మనిషి వెనక్కి రావడం చూశాను. లేఖనంలో లేచినవాళ్లంతా అలాగే వెనక్కి వచ్చారు. అదే ఒళ్లు, అదే ఆకలి, మళ్లీ ఒక రోజు అదే చావు. లాజరును రెండోసారి ఎవరు పాతిపెట్టారో రాసి లేదు గానీ, ఎవరో ఒకరు మళ్లీ ఆ కట్లు కట్టే ఉంటారు. అక్కాచెల్లెళ్లు మళ్లీ ఏడ్చే ఉంటారు. మరి ఆ అద్భుతాలు ఎందుకు అంటే, నాకు తోచింది ఇది. అవి రాబోయే పునరుత్థాన ఉదయానికి ముందుగా తెరిచిన చిన్న కిటికీలు. లాజరు కట్లు ఎవరో విప్పవలసి వచ్చింది. ప్రభువు లేచిన ఉదయం మాత్రం నారబట్టలు సమాధిలో వేరుగా పడి ఉన్నాయి, తల రుమాలు చుట్టి ఒక పక్కన పెట్టి ఉంది. ఆయన కట్లు ఎవరూ విప్పలేదు. ఆయన్ని ఏ కట్టూ మళ్లీ కట్టలేదు. నేను నమ్మేది ఆ ఉదయాన్ని. ఆ నమ్మకంతోనే ఇన్ని వందల కళ్లు మూశాను.

ఆయమ్మ ఆ తర్వాత ఎవరికీ దవడకట్టు కట్టలేదు. "నా చేతులు గట్టియి, నాకొద్దు" అనేది. ఆ పని నేను తీసుకున్నాను. ముడి మార్చాను. కొస పట్టి లాగితే విడిపోయే జారుముడి. మా వార్డు పిల్లలందరికీ అదే నేర్పాను.

జంపఖానాలాయన మళ్లీ మగ్గం ఎక్కాడు. కొన్నేళ్లు నేశాడు. నా రిటైర్మెంటుకు ఒక ఎర్రచారల జంపఖానా తెచ్చి ఇచ్చి, "పడుగు తెగలే" అని నవ్వాడు. తర్వాత ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. డాక్టరు వచ్చి చూశాడు, చాలాసేపు కనిపెట్టి మరీ చూశాడు. ఈసారి గల్లీలో ఎవరికీ అనుమానం లేదు. భార్య నాకు ఫోను చేసింది.

"సిస్టరమ్మా, జర రా. దవడకు కట్టాలె. నేను విప్పినదాన్ని, నాతోని కట్టుడు గాదు."

పోయాను. ముసలమ్మ అప్పటికి లేదు. అన్న గేటు దగ్గరే నా చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. పడుకోబెట్టిన తమ్ముడి ముఖం ప్రశాంతంగా ఉంది. గడ్డం కింది నుంచి పట్టీ తెచ్చి నడినెత్తి మీద జారుముడి వేశాను. ఆమె నా చేతుల వైపే చూస్తోంది. నూలుతో బతికిన మనిషి, ముడి చూస్తే తెలిసిపోతుంది.

"గింత అల్కగ ఏసినవేంది? ఊడిపోదా?"

"ఊడదు. కొస వట్టి గుంజితెనే వస్తది."

"ఇగ గుంజేటోళ్లు ఎవలున్నరు సిస్టరమ్మా?"

"ఉన్నడమ్మా" అన్నాను.

ఎవరో తెచ్చిన పెద్ద బంతిపూల దండ ఆయన తల చుట్టూ సర్దారు. అందరూ పక్కకు జరిగాక ఆమె వంగి, పూల కింద పడిపోయిన పట్టీ కొసను వేలితో వెతికి పైకి తీసి, గుంజేవాడి చేతికి అందేలా దండ మీద పెట్టింది.